ఒకే ఊళ్లో రెండు పార్టీలు, రెండు ఊళ్లకు రెండు పార్టీలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత నెల ఈ శీర్షికలో అమెరికా అధ్యక్ష ఎన్నికల పద్ధతి గురించి నాలుగు పేరాలు రాశాను. దానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు ఒక సంచి నిండాయి. ఆశ్చర్యం ఏమిటంటే, దాదాపు అందరూ అడిగింది ఒకే కాలం గురించి: అక్కడి పార్టీలు ఒకరినొకరు తిట్టుకుని, కొట్టుకుని, చివరికి దేశాన్నే యుద్ధంలోకి దింపుకున్న పందొమ్మిదో శతాబ్దం గురించి. విజయనగరంలో ఒక కళాశాలలో చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక ఇది నాకు ఇష్టమైన అధ్యాయం. అందుకే ఈ సంచికలో స్థలమంతా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అమెరికా రాజ్యాంగంలో పార్టీల ప్రస్తావనే లేదని, మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ పార్టీలు వద్దని చెప్పి మరీ వెళ్లాడని చదివాను. మరి అవి ఎలా పుట్టాయి, మాస్టారూ?
– పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక యువతి, రాజాం

జవాబు: మీరు చదివింది నిజమే, అమ్మా. 1796 సెప్టెంబరులో పత్రికల్లో వెలువడిన వీడ్కోలు సందేశంలో వాషింగ్టన్ పార్టీ తత్వం చేసే కీడు గురించి గట్టిగానే హెచ్చరించాడు. కానీ ఆయన ఆ మాట రాసేనాటికే ఆయన మంత్రివర్గం రెండు పక్షాలుగా చీలిపోయి, ఒక పక్షానికి పెద్ద దిక్కయిన జెఫర్సన్ పదవి వదిలి ఇంటికి వెళ్లి మూడేళ్లు కావస్తోంది. ఆర్థిక వ్యవహారాలు చూసిన హామిల్టన్‌ది ఒక దారి. స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పులన్నీ కేంద్రమే నెత్తిన వేసుకోవాలి, జాతీయ బ్యాంకు పెట్టాలి, వర్తకం పెరగాలి, బ్రిటన్‌తో సఖ్యంగా ఉండాలి అన్నది ఆయన వాదం. జెఫర్సన్‌కు అది పట్నపు షావుకార్ల రాజ్యంగా కనిపించింది. భూమి దున్నే రైతే దేశానికి ఆధారమని, కేంద్రానికి అంత బలం ఇస్తే మళ్లీ రాజరికమే వస్తుందని ఆయన భయపడ్డాడు. దానికి తోడు ఫ్రాన్సులో విప్లవం వచ్చి, ఆ వెంటనే ఫ్రాన్సుకూ బ్రిటన్‌కూ యుద్ధం మొదలు కావడంతో ఎవరి పక్షం వహించాలన్న తగాదా వీధుల్లోకి వచ్చింది. హామిల్టన్ వెంట నడిచినవారు ఫెడరలిస్టులు. జెఫర్సన్ వెంట నడిచినవారు తమను రిపబ్లికన్లని పిలుచుకున్నారు. వీరికి ఇప్పటి రిపబ్లికన్ పార్టీతో సంబంధం లేదు. పరీక్షలో ఇక్కడే చాలామంది తప్పు రాస్తారు. చరిత్ర పుస్తకాల్లో వీరిని డెమొక్రటిక్ రిపబ్లికన్లు అంటారు.

1800 ఎన్నికల్లో జెఫర్సన్‌కు 73 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలు పంపే ప్రతినిధుల ఓట్లు) వచ్చాయి. ఆయన జట్టులోనే ఉపాధ్యక్షుడు కావలసిన ఆరన్ బర్‌కు కూడా సరిగ్గా 73 వచ్చాయి. అప్పటి నిబంధన ప్రకారం ఎవరు ఏ పదవికి అన్నది ఓటులో వేరుగా ఉండేది కాదు. మన లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపితే తప్ప 1801 ఫిబ్రవరి 17న జెఫర్సన్ గెలుపు తేలలేదు. ఈ చిక్కు మళ్లీ రాకూడదనే 1804లో రాజ్యాంగానికి పన్నెండో సవరణ తెచ్చారు. అదే 1804 జులై 11న, ఉపాధ్యక్ష పదవిలో ఉండగానే, బర్ ద్వంద్వ యుద్ధంలో హామిల్టన్‌ను పిస్తోలుతో కాల్చాడు. మరునాడు హామిల్టన్ చనిపోయాడు. పార్టీల పోరు పుట్టిన తరం ఎంత కక్షతో బతికిందో చెప్పడానికి ఆ ఒక్క ఉదయం చాలు.

ప్రశ్న: ఆ తరువాత డెమొక్రాట్లు, విగ్ పార్టీ వారు దేని కోసం అంతగా కొట్లాడుకున్నారు? సిద్ధాంతాల కోసమా, పదవుల కోసమా?
– విశ్రాంత తపాలా ఉద్యోగి, చీపురుపల్లి

జవాబు: రెండింటి కోసమూ. తపాలా శాఖలో పనిచేసిన మీరే ఈ ప్రశ్న అడగడం బాగుంది, ఎందుకంటే ఈ కథలో తపాలా ఆఫీసుకు పెద్ద పాత్ర ఉంది.

1824లో అధ్యక్ష పదవికి నలుగురు పోటీపడ్డారు. ఆండ్రూ జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఎవరికీ సగానికి మించి రాలేదు కనుక నిర్ణయం ప్రతినిధుల సభ చేతికి వెళ్లింది. సభాపతి అయిన క్లే తన బలగాన్ని ఆడమ్స్ వైపు తిప్పాడు, ఆడమ్స్ గెలిచాడు, కొద్ది రోజులకే క్లేను విదేశాంగ మంత్రిని చేశాడు. ముందే బేరం కుదిరిందని రుజువు లేదు, కానీ జాక్సన్ మనుషులు దాన్ని నీతిమాలిన బేరమని నాలుగేళ్ల పాటు ఊరూరా చాటారు. 1824లో మొత్తం పోలైన ఓట్లు నాలుగు లక్షల లోపే. 1828లో అవి 11 లక్షలు దాటాయి. ఆస్తి ఉంటేనే ఓటన్న నిబంధనలు చాలా రాష్ట్రాల్లో సడలడం ఒక కారణమైతే, న్యూయార్క్‌కు చెందిన మార్టిన్ వాన్ బ్యూరెన్ ఊరికొక కమిటీ, పట్నానికొక పత్రిక చొప్పున జాక్సన్ కోసం డెమొక్రటిక్ పార్టీని అల్లడం రెండో కారణం. ఆ ఎన్నికల్లో జాక్సన్ భార్య రేచల్‌ను కూడా వదలలేదు. మొదటి భర్తతో విడాకులు పూర్తి కాకముందే ఈమె జాక్సన్‌ను పెళ్లాడిందని ప్రత్యర్థి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. జాక్సన్ గెలిచాడు గాని, ప్రమాణ స్వీకారానికి ముందే, 1828 డిసెంబరు 22న ఆమె గుండె జబ్బుతో కన్నుమూసింది. ఆ నిందలే ఆమెను చంపాయని ఆయన చివరిదాకా నమ్మాడు.

సిద్ధాంతపు తగాదా ముఖ్యంగా బ్యాంకు మీద వచ్చింది. జాతీయ బ్యాంకు గడువు పొడిగించే బిల్లును 1832 జులైలో జాక్సన్ తిరస్కరించాడు. దాన్ని రాజుగారి నిరంకుశత్వమని నిందించినవారే, బ్రిటన్‌లో రాజును ఎదిరించిన పక్షం పేరు తెచ్చుకుని, విగ్ పార్టీ పెట్టారు.

ఇక పదవుల మాట. గెలిచినవాడికే కొల్లగొట్టిన సొమ్ము దక్కుతుందని 1832లో సెనేటర్ మార్సీ సభలోనే నిస్సంకోచంగా అన్నాడు. పోస్టుమాస్టరు, కస్టమ్స్ గుమస్తా, ఓడరేవు తూకందారు, ఇలాంటి ఉద్యోగాలన్నీ పార్టీకి పనిచేసినవారికి పంచేవారు. జీతంలో కొంత పార్టీకి చెల్లించాలి కూడా. చిన్న ఉద్యోగాలకు అప్పుడప్పుడు మినహాయింపు ఉండేది. ఇల్లినాయిలో న్యూ సేలం అనే పల్లెకు 1833లో జాక్సన్ ప్రభుత్వం నియమించిన పోస్టుమాస్టరు క్లే అభిమాని, ఎదుటి పక్షం కుర్రవాడు. ఆ ఉద్యోగం మరీ చిన్నది కాబట్టి తన రాజకీయాలకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదని అతడే తరువాత రాసుకున్నాడు. అతడి పేరు అబ్రహాం లింకన్.

ఈ పంపకానికి కళ్లెం పడటానికి ఒక అధ్యక్షుడి ప్రాణం పోవలసి వచ్చింది. ఉద్యోగం ఇవ్వలేదన్న కోపంతో గిటో అనే మతి చలించిన మనిషి 1881 జులై 2న అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు. గాయం ముదిరి సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. 1883 జనవరిలో పరీక్షల ద్వారా కొన్ని ఉద్యోగాలు ఇచ్చే చట్టం వచ్చింది.

ప్రశ్న: ఆ రోజుల్లో ఓటు ఎలా వేసేవారు? మనకున్నట్టు రహస్య ఓటు ఉండేదా?
– ఉపాధ్యాయిని, నరసన్నపేట

జవాబు: ఉండేది కాదు, మేడమ్. పార్టీల పోరు అంత వేడిగా ఉండటానికి ఇదే మూలమని నా అభిప్రాయం.

మా తాతగారు 1952లో మొదటిసారి ఓటు వేసిన సంగతి మాకు కథలా చెప్పేవారు. బడిలో ఒక మూల తెర కట్టి, తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించేవారట. ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని తెర చాటున తనకు నచ్చిన పెట్టెలో వేసి బయటికి వస్తే, లోపల ఏం జరిగిందో బయట నిలబడ్డ భూస్వామికి గాని, అన్నగారికి గాని తెలిసేది కాదు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఆ తెర లేదు, ప్రభుత్వం ముద్రించిన కాగితమూ లేదు. ఓటు కాగితాన్ని పార్టీయే అచ్చు వేయించేది. దాన్ని టికెట్టు అనేవారు. అధ్యక్షుడి మొదలు ఊరి అధికారి వరకు ఆ పార్టీ అభ్యర్థుల పేర్లన్నీ వరుసగా ఉండే పొడవాటి చీటీ అది. పైన గద్ద బొమ్మో, జెండా బొమ్మో, అభ్యర్థి ముఖమో ఉండేది. చాలాచోట్ల ఒక్కో పార్టీ ఒక్కో రంగు కాగితం వాడేది.

పోలింగు రోజు ఓటరు గుంపు మధ్య నుంచి నడిచి వస్తాడు. అటు ఒక పార్టీ మనిషి, ఇటు ఇంకో పార్టీ మనిషి చేతిలో చీటీ పెడతారు. చాలా పట్నాల్లో అధికారులు లోపల కూర్చుంటే, ఓటరు వీధిలోనే నిలబడి కిటికీ గుండా చీటీ అందించేవాడు. ఆ నాలుగు అడుగుల దూరంలో అతడి చేతిలోని రంగును ఊరంతా చూసేది. డబ్బు తీసుకున్నవాడైతే చీటీని తల పైకెత్తి పట్టుకుని నడవాలి, లేకపోతే సొమ్ము రాదు. ఆ కాగితం మీద నచ్చని పేరు ఉంటే కొట్టివేయవచ్చు, దాని మీద వేరే పేరున్న చిన్న చీటీ అంటించవచ్చు. కానీ పార్టీ మనుషులు చూస్తుండగా జేబులోంచి పెన్సిలు తీసే ధైర్యం కొందరికే ఉండేది. కెంటకీలో అయితే 1891 దాకా ఓటరు తన ఓటును నోటితో పైకి చెప్పవలసిందే.

ప్రభుత్వమే కాగితం ముద్రించి చాటున ఓటు వేయించే పద్ధతిని 1856లో ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలస రాజ్యాలు మొదలుపెట్టాయి. అమెరికాలో రాష్ట్రమంతటికీ దాన్ని తెచ్చిన మొదటిది మసాచుసెట్స్, 1888లో. తరువాతి కొద్ది ఏళ్లలో చాలా రాష్ట్రాలు అనుసరించాయి. ఒక బాధాకరమైన సంగతి కూడా చెప్పాలి. దక్షిణాది రాష్ట్రాల్లో చదువు రాని నల్లజాతి ఓటర్లను తప్పించడానికి కూడా ఆ కొత్త కాగితం ఉపయోగపడింది. రంగు చూసి ఓటు వేయగలిగిన మనిషి అక్షరాలు చదవలేక వెనుదిరిగాడు.

పార్టీయే టికెట్టు అచ్చు వేసేదన్న సంగతి గుర్తుంచుకోండి. కింది జవాబులో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా ఊరికీ విజయనగరానికీ ఉన్న పాత వైరం అందరికీ తెలిసిందే. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది పార్టీల వైరం కూడా అలాంటిదేనా? అదే అంతర్యుద్ధానికి దారితీసిందా?
– వ్యాపారి, బొబ్బిలి

జవాబు: మీ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి విజయనగరం సైన్యం, బుస్సీ ఫ్రెంచి సైన్యం కలిసి వచ్చినప్పుడు, ఎవరు ఎటువైపో అడగవలసిన పని లేదు. కోట లోపల ఉన్నవారు ఒక పక్షం, బయట ఉన్నవారు ఇంకో పక్షం. పార్టీల వైరం అలాంటిది కాదు, అలా ఉండకూడదు కూడా. అమెరికాలో 1830 నుంచి 1850 దాకా అది అలా లేదు. జార్జియాలోనూ విగ్ పార్టీ వారు ఉండేవారు, మసాచుసెట్స్‌లోనూ డెమొక్రాట్లు ఉండేవారు. ప్రతి ఊళ్లోనూ రెండు పార్టీలు ఉండేవి. 1840లో హారిసన్ అనే పాత సేనానిని విగ్ పార్టీ నిలబెట్టినప్పుడు, జనం కర్రల గుడిసె నమూనాలు బళ్ల మీద ఎక్కించి, మనిషి కన్న ఎత్తైన బంతులను ఊరి నుంచి ఊరికి దొర్లించుకుంటూ పాటలు పాడారు. వర్జీనియాలో పెద్ద భవంతిలో పుట్టిన మనిషిని గుడిసెలో బతికిన పేదవాడిగా చూపించిన ప్రచారం అది. ఓటు హక్కు ఉన్నవారిలో సుమారు 80 శాతం మంది ఓటు వేశారు. హారిసన్‌కు 234 ఎలక్టోరల్ ఓట్లు, వాన్ బ్యూరెన్‌కు 60. ఉత్తరాదిలోనూ గెలిచాడు, దక్షిణాదిలోనూ గెలిచాడు.

మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. చీపురుపల్లి దగ్గర మా పల్లెలో పై వీధి, కింద వీధి అని రెండు ఉండేవి. నా చిన్నతనంలో పంచాయతీ ఎన్నికలంటే రెండు వీధుల్లోనూ రెండు పార్టీలూ ఉండేవి. మా నాన్న ఒక పక్షం, మా మేనమామ ఇంకో పక్షం. రాత్రి అరుగు మీద ఎంత అరుచుకున్నా, తెల్లారి పెళ్లి భోజనాల్లో ఒకే బంతిలో కూర్చునేవారు. కొన్నేళ్ల తరువాత చెరువు మదుము దగ్గర నీటి తగాదా వచ్చింది. పై వీధి పొలాలకు ముందా, కింద వీధి పొలాలకు ముందా అన్నది ప్రశ్న. ఆ ఏడు పై వీధి అంతా ఒక పార్టీ, కింద వీధి అంతా ఇంకో పార్టీ అయింది. కిరాణా కొట్టు కూడా రెండయింది. రావిచెట్టు కింద కలిసి కూర్చునే చోటే పోయింది. ఎన్నికలు అవే, అరుపులు అవే, కానీ ఊరు అది కాదు.

అమెరికాకు ఆ మదుము బానిసత్వం. పార్టీ బంధం ఉత్తర దక్షిణాలను కలిపి ఉంచుతుందని వాన్ బ్యూరెన్‌కు ముందే తెలుసు. దక్షిణాది తోటల యజమానులనూ ఉత్తరాది సామాన్యులనూ ఒకే పార్టీలో కట్టి ఉంచాలని, పార్టీ అభిమానం సడలినప్పుడే ప్రాంతీయ ద్వేషం, బానిసత్వం మీది గొడవ పైకి వస్తాయని 1827లో ఒక వర్జీనియా సంపాదకుడికి లేఖ రాశాడు. అంటే కుండ మీద మూత పార్టీయే. 1836 నుంచి 1844 వరకు ప్రతినిధుల సభలో బానిసత్వం మీద వచ్చే వినతిపత్రాలను చర్చకు రానివ్వకుండా పక్కన పడేసే నిబంధన అమలైంది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సామాన్య సభ్యుడిగా సభకు తిరిగి వచ్చి, ముసలితనంలో ఎనిమిదేళ్లు ఆ నిబంధనతో పోరాడి తీయించాడు.

ఇక్కడ నేను నిక్కచ్చిగా ఉండాలి. ఆ మూత దేశాన్ని నిలిపిందని మెచ్చుకునేవారు, ఆ కుండలో ఉడికింది ఎవరో చెప్పాలి. 1830లో అమెరికాలో బానిసలు సుమారు 20 లక్షలు; 1860 నాటికి సుమారు 40 లక్షలు. ఆ ముప్పై ఏళ్లలో వారి సంఖ్య రెట్టింపైంది. ఉత్తర దక్షిణాల సఖ్యతకు వెల చెల్లించినవారు ఓటు లేనివారు.

ముందు చర్చిలు విడిపోయాయి: మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఉత్తర దక్షిణాలుగా చీలారు. తరువాత పార్టీల వంతు వచ్చింది. 1854లో డెమొక్రాట్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సస్–నెబ్రాస్కా చట్టం, 1820 నాటి రాజీలో బానిసత్వానికి మూసిన పడమటి భూములను మళ్లీ తెరిచింది. అక్కడ స్థిరపడినవారే ఓటు వేసి తేల్చుకోవాలన్నాడు. విగ్ పార్టీలో ఉత్తరాదివారు ఎదిరించారు, దక్షిణాదివారిలో ఎక్కువమంది సమర్థించారు. ఆ పార్టీ అక్కడితో కూలిపోయింది. అదే ఏడాది విస్కాన్సిన్, మిచిగాన్‌లలో జరిగిన సభల నుంచి రిపబ్లికన్ పార్టీ పుట్టింది. దానికి దక్షిణాదిలో వేళ్లు లేవు. రెండు వీధులకు రెండు పార్టీలు కావడం అప్పుడే మొదలైంది.

1856 మే 22న జరిగింది వినండి. మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ అంతకు మూడు రోజుల ముందు కాన్సస్ అన్యాయం మీద రెండు రోజుల పాటు ప్రసంగించి, దక్షిణ కెరొలైనా సెనేటర్ బట్లర్‌ను పేరు పెట్టి ఎగతాళి చేశాడు. బట్లర్ బంధువు, ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, సభ ముగిశాక సెనేట్ హాల్లోకి వచ్చాడు. సమ్నర్ బల్ల దగ్గర వంగి ఉత్తరాలు రాసుకుంటున్నాడు. బంగారు పిడి ఉన్న చేతికర్రతో బ్రూక్స్ అతడి తల మీద కొట్టడం మొదలుపెట్టాడు. సమ్నర్ కాళ్లు బల్ల కింద ఇరుక్కుపోయాయి. ఆ బల్ల నేలకు బిగించి ఉంది. నెత్తురు కళ్లలోకి కారుతుండగా ఆ బల్లనే పెకిలించుకుని లేచి, తూలి పడిపోయాడు. కర్ర ముక్కలయ్యే దాకా దెబ్బలు ఆగలేదు. కోర్టు బ్రూక్స్‌కు 300 డాలర్ల జరిమానా వేసింది. అతడు రాజీనామా చేస్తే సొంత నియోజకవర్గం మళ్లీ గెలిపించింది. దక్షిణాది నుంచి అభిమానులు కొత్త చేతికర్రలు పంపారు. మసాచుసెట్స్ సమ్నర్‌ను మళ్లీ ఎన్నుకుని, అతడు కోలుకుని 1859 డిసెంబరులో తిరిగి వచ్చే దాకా ఆ కుర్చీని ఖాళీగానే ఉంచింది. ఒకే దెబ్బ ఒక వీధికి వీరత్వం, ఇంకో వీధికి రాక్షసత్వం.

చివరికి 1860లో డెమొక్రాట్లు కూడా చార్లెస్టన్ సభలో చీలిపోయి, ఉత్తరాదివారు డగ్లస్‌ను, దక్షిణాదివారు బ్రెకిన్‌రిడ్జ్‌ను నిలబెట్టారు. రిపబ్లికన్ అభ్యర్థి లింకన్‌కు 180, బ్రెకిన్‌రిడ్జ్‌కు 72, మరో పార్టీ అభ్యర్థి జాన్ బెల్‌కు 39, డగ్లస్‌కు 12 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. లింకన్‌కు వచ్చిన ప్రజల ఓట్లు 40 శాతానికి కాస్త తక్కువ. పది దక్షిణాది రాష్ట్రాల్లో అతడి టికెట్టే పంచలేదు. ఎందుకంటే టికెట్టు అచ్చు వేయవలసింది పార్టీ. అక్కడ పార్టీయే లేదు. తమ ఊళ్లో ఒక్కరు కూడా ఓటు వేయని మనిషి తమ మీద అధ్యక్షుడయ్యాడని వారు అనుకున్నారు. 1860 డిసెంబరు 20న దక్షిణ కెరొలైనా దేశం నుంచి విడిపోతున్నట్టు ప్రకటించింది.

కనుక మీ ప్రశ్నకు నా జవాబు ఇది: యుద్ధానికి మూలం బానిసత్వం, పార్టీల వైరం కాదు. కానీ పార్టీల గీతా ప్రాంతాల గీతా ఒక్కటైన రోజు నుంచి అమెరికా మీ కోట యుద్ధంలా మారింది. అంతకు ముందు అలా లేదు.

ప్రశ్న: డెమొక్రాట్లకు గాడిద, రిపబ్లికన్లకు ఏనుగు గుర్తులు ఎవరిచ్చారు?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: మన ఎన్నికల సంఘం లాగా ఎవరూ కేటాయించలేదు, బాబూ. 1828లో జాక్సన్‌ను ప్రత్యర్థులు గాడిద అని తిట్టారు. ఆ తరువాత థామస్ నాస్ట్ అనే వ్యంగ్య చిత్రకారుడు ఒక వారపత్రికలో 1870లో డెమొక్రాట్లను గాడిదగా, 1874లో రిపబ్లికన్ ఓట్లను బెదిరిన ఏనుగుగా గీశాడు. ఆ బొమ్మలు జనం మనసులో నిలిచిపోయాయి.

ప్రశ్న: 1876 ఎన్నికల ఫలితం కోర్టుకు వెళ్లిందని విన్నాను. నిజమేనా?
– న్యాయవాది, విజయనగరం

జవాబు: కోర్టుకు కాదు, ప్రత్యేక కమిషన్‌కు. మన మద్రాసు రాజధానిలో ధాత కరువు మొదలైన ఆ ఏడే అక్కడ ఈ తగాదా నడిచింది. డెమొక్రాట్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు, గెలవడానికి ఒక్కటి తక్కువ. రిపబ్లికన్ హేస్‌కు 165. ఫ్లోరిడా, లూసియానా, దక్షిణ కెరొలైనా, వాటితో పాటు ఓరెగాన్‌లో ఒక్క ఓటు, కలిపి 20 ఓట్ల మీద వివాదం. ఆ మూడు దక్షిణాది రాష్ట్రాల నుంచీ రెండేసి లెక్కలు రాజధానికి చేరాయి.

అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధులు, అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులతో కమిషన్ వేశారు. పార్టీల వారీగా ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. పదిహేనో వాడు ఏ పార్టీకీ చెందని న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ అవుతాడని అందరూ అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లినాయి శాసనసభ ఆయనను సెనేటుకు ఎన్నుకుంది. ఆయన తప్పుకోవడంతో ఆ స్థానంలోకి రిపబ్లికన్ అయిన బ్రాడ్లీ వచ్చాడు. వివాదంలో ఉన్న ప్రతి రాష్ట్రం మీదా తీర్పు 8–7. 20 ఓట్లూ హేస్‌కు చేరి, 185–184 తేడాతో 1877 మార్చి 2న గెలిచాడు. ప్రజల ఓట్లలో మాత్రం టిల్డెన్‌కు సుమారు రెండున్నర లక్షల ఆధిక్యం ఉంది.

దక్షిణాది డెమొక్రాట్లు చివరికి ఊరుకున్నారు, ఏప్రిల్‌లో దక్షిణ కెరొలైనా, లూసియానా శాసన భవనాల దగ్గర అంతర్యుద్ధం తరువాత ఉంచిన కేంద్ర సైనికులను హేస్ వెనక్కి పిలిచాడు. న్యాయవాదిగా మీరు కమిషన్ కూర్పు గురించి ఆలోచిస్తారు. నేను మాత్రం 1870లో మిసిసిపీ నుంచి సెనేటుకు వచ్చిన మొదటి నల్లజాతి సభ్యుడు హైరమ్ రెవెల్స్ గురించి ఆలోచిస్తాను. సైనికులు వెళ్లిపోయాక ఆయన లాంటివారికి ఓటు వేసినవారిని బెదిరింపులతోనూ, తరువాత చట్టాలతోనూ వరుసగా తప్పించారు. అదే మిసిసిపీ 1890లో తెచ్చుకున్న రాజ్యాంగంలో ఓటుకు పన్ను, చదువు పరీక్ష పెట్టింది. రెండు పార్టీలు రాజీ పడిన ప్రతిసారీ నష్టపోయింది ఆ జనమే అని పై జవాబులో రాసినది ఇక్కడ మళ్లీ నిజమైంది.

ప్రశ్న: ఇంతగా పోరాడుకున్న ప్రత్యర్థుల్లో ఎవరైనా దేశం కోసం కలిసి నిలబడ్డారా?
– డిగ్రీ విద్యార్థిని, టెక్కలి

జవాబు: నిలబడ్డారు, అమ్మా. పైన చెప్పిన డగ్లస్‌నే తీసుకోండి. 1858లో సెనేట్ స్థానం కోసం అతడూ లింకనూ ఇల్లినాయిలో ఏడు ఊళ్లలో వేల మంది జనం ముందు గంటల తరబడి వాదించుకున్నారు. ఆ స్థానం డగ్లస్‌కే దక్కింది. రెండేళ్లకు అధ్యక్ష పదవి లింకన్‌కు దక్కింది. కాన్సస్ చట్టం తెచ్చి ఇంత మంట రాజేసింది డగ్లసే. ఆ తప్పును నేను తక్కువ చేయను, నల్లజాతి వారి గురించి అతడు మాట్లాడిన మాటలను అసలే సమర్థించను.

కానీ 1861 ఏప్రిల్‌లో దక్షిణ కెరొలైనాలో కేంద్ర సైన్యం ఉన్న సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలి, కోట లొంగిపోయిన మరునాడు, 14వ తేదీ సాయంత్రం, డగ్లస్ అధ్యక్ష భవనానికి వెళ్లాడు. లింకన్ 75,000 మంది సైనికులను పిలుస్తూ రాసిన ప్రకటనను చదివి వినిపించాడు. డగ్లస్ దాన్ని పూర్తిగా సమర్థిస్తూ, తానైతే రెండు లక్షల మందిని పిలిచేవాణ్ణన్నాడు. తరువాత సొంత రాష్ట్రానికి బయలుదేరి, ఏప్రిల్ 25న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనసభ ముందు, మే 1న చికాగోలో జనం ముందు, పార్టీని పక్కన పెట్టి దేశం వెనక నిలవమని తన డెమొక్రాట్లను కోరాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. చికాగోలోనే మంచం పట్టి, జూన్ 3న చనిపోయాడు. అప్పటికి అతడికి 48 ఏళ్లు.